బీడీలకంటిన పసుపు

మార్కెట్ యార్డుకు పసుపు వచ్చే రోజుల్లో ఆర్మూరు గాలికి ఒక ఘాటు పడుతుంది. ఆరేసి తీసిన మా పాప గుడ్డల్లోనూ పాలవాసన కన్నా ముందు అదే తగులుతుంది. అది తగలగానే నాకు బాపమ్మ, అంటే మా నాన్న తల్లి, గుర్తొస్తుంది.

నా చిన్నప్పుడు మా వాకిట్లో ఎండ వాలేదాకా పదిమంది ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవారు. తునికాకు వాసన, కాలుతున్న మక్క కంకుల పొగ, ఆకు తుంపులతో మేం పిల్లలం ఆడుకునే బువ్వాట. అక్కడ పుట్టిన మాట పొద్దుగూకేలోగా బీడీలతోపాటు కార్ఖానా చేరేది. అక్కడినుంచి వేల్పూరు, ఏర్గట్ల దాకా పోయేది.

ఒక ఏడాది, అందరిలా కడాయిల్లో కాకుండా, ఆవిరి డ్రమ్ములో పసుపు ఉడికించాం. మా వాడలో మేమే మొదలు. మూడోనాటికే ఎదురింటి రాజవ్వ, "డ్రమ్ముల ఉడికింది లోపల గుల్లైతదట, కొనే సేట్లు ముట్టరట" అంది.

"నువ్వు చూసినవానే?" అంది బాపమ్మ.

"నేనేడ చూసిన అత్తా? అందరు అంటుండ్రు."

నాన్న ముఖం వాడిపోయింది. ఏడాది పంటంతా కళ్లంలోనే ఉంది.

బాపమ్మ వాదించలేదు. మరునాడు రాజవ్వ ఇంటి కడాయిలో ఉడికిన పసుపు కొమ్ములు ఒక చాటలో, మా డ్రమ్ము కొమ్ములు ఇంకో చాటలో తెచ్చి బీడీల నడుమ పెట్టింది. "విరిచి చూడుండ్రి. మా డ్రమ్ములయ్యి గీ నాలుగు సరిగ ఉడకలే, గవ్వి గూడ చూడుండ్రి."

"గవ్వెందుకే చూపిస్తవ్?" అన్నాడు నాన్న.

"దాస్తే గవ్వే ముందుగాల దొరుకుతయ్ బిడ్డా."

అందరూ విరిచారు, ఆ నాలుగు తప్ప అన్నీ లోపల గట్టిగానే ఉన్నాయి; అవే వేళ్లతో బీడీలు చుట్టారు. పసుపు మరకలు చూసి కార్ఖానా మున్షీ కసిరితే, పదిమందీ పది గొంతులతో కారణం చెప్పారట. పాత పుకారును ఈ కొత్త మాట దాటేసింది. వారం తిరక్కముందే డ్రమ్ము కావాలని రాజవ్వే మా గడపకొచ్చింది.

ఇప్పుడా వాకిలి లేదు, చాటలు అటకెక్కాయి. మాటలన్నీ ఫోన్లోని తల్లుల గ్రూపులోనే. మొన్న పాపకు టీకా వేయించాక, "ఆ టీకాతో కాళ్లు పడిపోతాయట" అన్న సందేశం అక్కడ పదిసార్లు తిరిగింది. నేనూ పాప కాళ్లు తడిమి చూశాను. 'పాప బాగుంది' అని మాత్రమే రాయబోయి ఆగాను. తొడ వాచిందని, ఒకరోజు జ్వరం కాసిందని, నర్సమ్మ ముందే చెప్పినట్టు తగ్గిపోయిందని అంతా రాసి, కాళ్లు తన్నుతున్న పాప ఫోటో పెట్టాను.

కాసేపటికి రాజవ్వ కోడలి జవాబు: "జ్వరమొస్తదని గూడ చెప్పినవ్, గందుకే నమ్మిన అక్కా. రేపు మావోన్ని టీకాకు తీస్కపోత."