టీవీలో చూసిన జలపాతం కోసం గిద్దలూరు దాకా

ప్రభుత్వ టీవీలో ఆదివారం పొద్దున్నే మన రాష్ట్రంలోని అడవులు, కొండలు, వాగుల మీద ఒక కార్యక్రమం వస్తుంది. ఇంటిపట్టున కూర్చునేవాళ్ళను బయటికి లాగడమే దాని పని. నేను మార్కాపురంలో పుట్టి పెరిగినవాణ్ణి. గిద్దలూరు దాటాక నల్లమల అంచున అంత జలపాతం ఉందని ఆ కార్యక్రమం చెబితేగానీ నాకు తెలియలేదు. కొంచెం సిగ్గేసింది. ఫిబ్రవరి చివర్లో ఒక శనివారం బయల్దేరాను.

మార్కాపురంలో పొద్దున ఆరున్నర ప్రాంతంలో బస్సెక్కితే కంభం మీదుగా ఎనిమిది దాటేసరికి గిద్దలూరు చేరుస్తుంది. టిఫిన్ అక్కడే కానిచ్చేయాలి, ముందుకు పోతే టీ కూడా దొరకదు. జలపాతం వైపు బస్సు లేదు. ఖాదర్ అనే ఆటో అతను రానూపోనూ ఎనిమిది వందలన్నాడు. బేరమాడబోయాను.

"టీవీలో వచ్చినకాడి నుంచి ఇదే రేటన్నా. అంతకుముందు ఆ దావన పోయేవాళ్ళే లేరు," అన్నాడు.

దారి సగం తారు, సగం గులకరాళ్ళు. ఆటో దిగాక అరగంట నడక. ఖాదర్ ఆటోలోనే ఉండిపోయాడు.

జలపాతం చూశాక ముందు నవ్వొచ్చింది. టీవీ వాళ్ళు వానల్లో తీసినట్టున్నారు. ఇప్పుడు బండ మీంచి సన్నటి ధార జారుతోంది, అంతే. కింద మడుగు మాత్రం నడుములోతు నీళ్ళతో చల్లగా ఉంది. ఇంత దూరం వచ్చి ఊరికే పోతామా అని చొక్కా విప్పి, సంచిలోంచి సబ్బు, తువ్వాలు తీశాను.

"రోంత ఆగు నాయనా. జీవాలు వస్తాండాయి," అంది బండ మీద కూర్చున్న ఒక పెద్దావిడ. గొర్రెల్ని, మేకల్ని ఇక్కడ జీవాలంటారు. ఆవిడ పేరు గురవమ్మ.

సబ్బు చేత్తో పట్టుకునే పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆమె భర్త మందను తోలుకొచ్చాడు. ముందు నడిచే మేకపోతు నీళ్ళ దాకా వచ్చి, వాసన చూసి, తల తిప్పుకుంది. వెనక గొర్రెలన్నీ ఆగిపోయాయి. ఎండన పడి వచ్చిన జీవాలు, ఎదురుగా అన్ని నీళ్ళున్నా ఒక్కటీ మూతి పెట్టలేదు. రాళ్ళ సందుల్లో చింపి పడేసిన షాంపూ పొట్లాలు అప్పుడు చూశాను.

"పొద్దున కారోళ్ళు వచ్చి పోయినారు," అంది గురవమ్మ. "సబ్బు కంపు తగిల్తే ఇవి తాగవు. మావాళ్ళు మడుగులో దిగేదే లేదు. మొన్న ఆదివారం ఇసకలో తవ్వినా నీళ్ళు ఊరక, దినమంతా దాహంతో చూడి గొర్రె ఒకటి సచ్చిపోయింది."

"వేరే నీళ్ళు లేవా అమ్మా?"

"వానలదాకా ఇదే. ఇది గూడా చెడిపోతే మందను అమ్ముకోని కూలికి పోవాల."

ఆమె భర్త అప్పటికే మడుగుకు ఎడంగా ఇసుకలో చెలమ తవ్వుతున్నాడు. నేనూ ఒక చెయ్యి వేశాను. నేను తవ్విన వైపు గట్టు కూలుతూనే ఉంది, ఆయన మళ్ళీ సర్దుతూనే ఉన్నాడు. గుంటలో నీరు ఊరాక గిన్నెతో తోడి, ముందు చూడి గొర్రెలకు పెట్టాడు. మందంతా తాగేసరికి మధ్యాహ్నం దాటింది.

"టీవీ వాళ్ళకు ఇదంతా చెప్పలేదా?" అని అడిగాను.

"చెప్పకేం. కెమెరా ముందర నిలబెట్టి రెండుసార్లు చెప్పించుకున్నారు," అని, వాళ్ళకు చెప్పినట్టే నాకూ చెప్పింది. "నన్ను చూపిచ్చినారంట గదా?"

నాకు గుర్తులేదు. ఆ మాట అనడానికి నోరు రాక, చూపించారన్నాను. స్నానం చెయ్యకుండానే వెనక్కొచ్చాను.

ఇంటికొచ్చి ఆ భాగం ఫోన్లో మళ్ళీ చూశాను. గురవమ్మ ఉంది. మడుగు ముందు నిలబడి, చేత్తో చూపిస్తూ మాట్లాడుతోంది. మాట మాత్రం వినపడదు, దాని మీద పిల్లనగ్రోవి పెట్టారు. ఇక్కడి స్నానం మరువలేని అనుభూతి అంటూ వ్యాఖ్యాత గొంతు వస్తుంది. కోపమొచ్చింది. కార్యక్రమం చెడ్డదని అనను. అది లేకపోతే నేను వెళ్ళేవాణ్ణే కాదు. నేను వెళ్ళకపోతే అక్కడెవరికీ నష్టం లేదని కూడా అనిపించింది.

వెళ్ళదలచినవాళ్ళకు ఒకటే సూచన, అదీ నాది కాదు. టీవీలో గురవమ్మ పెదవులు కదులుతున్నప్పుడు అంటున్నది ఇది: "జీవాలు తాగినంకనే రాండి. మడుగులో దిగమాకండి. దిగువన పారే నీళ్ళు పోసుకోండి, సబ్బొద్దు."