తప్పిపోయినవాడు అనే మాట

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా కోడలు ఫోనులో ఏదో పెట్టుకుని వింటుంటే, పక్క గదిలో నడుం వాల్చిన నాకు ఇద్దరు బోధకుల గొంతులు వినిపించాయి. ఒకాయన, ఒకసారి రక్షణ పొందినవాడు దాన్ని ఎన్నటికీ పోగొట్టుకోడంటాడు. రెండో ఆయన, ఎందుకు పోగొట్టుకోడు, వాక్యంలోనే ఉంది తెరిచి చూసుకో అంటాడు. మధ్యమధ్య ఒకరినొకరు వెక్కిరించుకోవడం, వెనకనుంచి జనం చప్పట్లు. లేచి వెళ్ళి ముందు అది కట్టెయ్యమన్నాను. నా గొంతు అంత పైకి లేస్తుందని తెలియని ఆ పిల్ల బిత్తరపోయింది. డెబ్బైకి దగ్గర పడినా ఈ ఒక్క సంగతి దగ్గర నా కోపం చల్లారలేదు, చల్లారాలన్న కోరిక కూడా నాకు లేదు. వాళ్ళకది చప్పట్లు కొట్టించుకునే వాదన కావచ్చు గానీ, మా ఇంట్లో పదకొండేళ్ళపాటు అది మా నాన్న బతుకు.

మా నాన్న మాచర్ల దగ్గర నాపరాళ్ళ గనిలో పనిచేసేవాడు. మా చిన్నతనంలోనే ప్రభువును నమ్ముకుని సాగర్ కుడికాలువలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ రోజుల్లో బాప్తిస్మమంటే పేట పేటంతా కాలువ గట్టున నిలబడేది, మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నీళ్ళలోనుంచి లేచినవాళ్ళకు గట్టుమీద ఆడవాళ్ళు తువ్వాళ్ళు అందిస్తూ పాటలు పాడేవాళ్ళు. ముప్పై దాటిన మనిషి కేవలం వాక్యం చదవడానికే అక్షరాలు దిద్దుకున్నాడు. రాయి కొట్టి కొట్టి పగిలిన వేలు ఒక్కో మాట కింద పెట్టి, కూడబలుక్కుంటూ, పైకి చదివేవాడు. అలా చదివినవాడికి ఒక్కో మాట ఎంత బరువో, గడగడా చదివేసే మనకు తెలియదు.

మా నాన్న పుట్టింది వీరాచారం పాటించే ఇంట్లో. కారంపూడి తిరునాళ్ళకు పల్నాటి వీరుల పేరున తరతరాలుగా ఇంట్లో దాచుకున్న కొణతం అనే ఆయుధాన్ని పసుపు పూసి గుడికి మోసుకెళ్ళడం వాళ్ళ వంతు. నాన్న నమ్ముకున్నాక ఆ వంతు మా పెదనాన్నే చూసుకునేవాడు. నాకు పదహారేళ్ళప్పుడు, తిరునాళ్ళ ఇంకో వారముందనగా, పెదనాన్న ఎద్దుబండి మీదనుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆయనకు మగపిల్లలు లేరు. మంచంలో ఉన్న అన్న చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటే నాన్న కాదనలేకపోయాడు. వెళ్ళాడు, మోశాడు, గుడి దగ్గర దించాడు, ఆ సాయంత్రం బస్సుకే తిరిగొచ్చేశాడు. చేసింది తప్పు కాదని నేను వాదించను. నాన్న కూడా వాదించలేదు. ఆ రాత్రి అన్నం తినకుండా మోకాళ్ళ మీదే ఉన్నాడు.

మా సంఘంలో ఒకరు ఆయన్ని కారంపూడిలో చూశారు. తర్వాతి ఆదివారం పాస్టరుగారు, మేమంతా అయ్యగారు అనేవాళ్ళం, నాన్నను ముందుకు పిలిచి అందరి ఎదుట నిలబెట్టారు. హెబ్రీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయం తీసి చదివారు. ఒకసారి వెలుగు చూసి, ఆ తర్వాత తప్పిపోయినవాళ్ళను మళ్ళీ మారుమనస్సుకు తేవడం అసాధ్యమని అక్కడుంది. ఈయన తప్పిపోయినవాడు, ఈయన రక్షణ పోయింది, ఇక ప్రభువు బల్ల దగ్గర పంచే రొట్టెలో, ద్రాక్షారసంలో ఈయనకు పాలు లేదని చెప్పేశారు. ఆరునెలలు ఆపుతామనో, ఏడాది చూస్తామనో అంటే అదొక దారి. అసాధ్యమన్నాక ఇంక దారేముంది? నాన్న తలొంచుకుని విన్నాడు, చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు.

నడిచి ఎక్కడికి పోయాడనుకున్నారు? చర్చి వెనకగోడ దాకా. ప్రతి ఆదివారం ఉతికిన పంచె కట్టుకుని, అందరికంటే ముందొచ్చి, ఆ గోడకు ఆనుకుని కిటికీ కింద కూర్చునేవాడు. లోపల పాట మొదలుపెడితే బయట ఆయనా అందుకునేవాడు, రాగం ఎప్పుడూ అర అడుగు వెనక. వాన పడితే గోనెపట్టా కప్పుకునేవాడు. రొట్టె, ద్రాక్షారసం పంచే వేళకు మాత్రం లేచి రోడ్డు దాకా పోయి నిలబడేవాడు. నాకు ఆ ఏడే బాప్తిస్మమైంది. నేను లోపల తెల్లముసుగు వేసుకుని కూర్చుని, చెయ్యి చాపి తీసుకున్నాను. సిగ్గేసేది నాకు, అయ్యగారిని చూసి కాదు, గోడవతల పాడుతున్న మా నాన్నను చూసి. ఇది రాస్తుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది.

నేను టీచరు ట్రైనింగు పూర్తిచేసి గురజాలలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక సెలవునాడు ఇంటికొస్తే నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రెండుచోట్ల చీటీలు పెట్టిన పుస్తకం తెరిచాడు. ఒక చీటీ హెబ్రీ పత్రిక దగ్గర, ఇంకోటి లూకా సువార్త దగ్గర. నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోతే కాపరి వెతుక్కుంటూ పోయి భుజాన వేసుకొచ్చిన చోటు, చెడతిరిగిన కొడుకు ఇల్లు చేరితే తండ్రి ఎదురు పరుగెత్తిన చోటు. వేలు ఇక్కడ పెట్టి, అక్కడ పెట్టి, ఆయన మెల్లగా అన్నాడు:

"చూడమ్మా, ఈడా తప్పిపోవటమే, ఆడా తప్పిపోవటమే. ఒకటే మాట గదా. మరి గొర్రెనైతే ఎతుక్కుంటా పోయాడే. నాకేంది అసాధ్యం?"

ఎన్నేళ్ళు కూడబలుక్కుంటే దొరికిందో ఆయనకా మాట. చదువుకున్న కూతురు గదా అని ముందు నన్నడిగాడు. నేను, పిల్లలకు తెలుగు చెప్పే పంతులమ్మను, పెద్దలు ఊరికే చెబుతారా నాన్నా అన్నాను. పుస్తకం మూసి నాన్న అయ్యగారి దగ్గరికి పోయాడు, నేనూ వెంట వెళ్ళాను. అయ్యగారు నవ్వారు. గ్రీకు భాషలో ఆ మాట వేరు, ఈ మాట వేరు, నీకు తెలియదులే అన్నారు.

"నాకొచ్చింది తెలుగేనయ్యా," అన్నాడు నాన్న. వాకిట్లో పుస్తకం చంకన పెట్టుకుని వెనక్కి తిరిగిన ఆ వీపును నేను ఇప్పటికీ మరిచిపోలేను.

గ్రీకులో వేరే కావచ్చు, నేను కాదనను. కానీ ఆ ముక్క తెలిసిన మనిషికి, ఆ హెచ్చరిక ఎవరికో కూడా తెలియాలి గదా? అది ప్రభువును వదిలి, ఆయన్ని నలుగురిలో అవమానపరిచి పోయేవాళ్ళకు. తప్పిపోయినవాడు ఏ ఊళ్ళోనైనా వానలో గోనెపట్టా కప్పుకుని చర్చి గోడకు ఆనుకుని కూర్చుంటాడా? తన గొర్రెల్ని తన చేతిలోనుంచి ఎవరూ లాక్కోలేరని ప్రభువు చెప్పిన సంగతి యోహాను సువార్తలో ఉంది, అయ్యగారు దానిమీద ఎన్నిసార్లో ప్రసంగం చేశారు. ఎవరూ లాక్కోలేనిదాన్ని ఈయన ఒక్క ఆదివారం ఉదయాన ఎట్లా లాగేశారని అడిగినవాళ్ళు మా సంఘంలో ఒక్కరూ లేరు.

అలా గోడవతల కూర్చోవడం మొదలైన పదకొండో ఏట గని దుమ్ముతో నాన్న ఊపిరితిత్తులు పాడై నరసరావుపేట ఆస్పత్రిలో పడ్డాడు. అప్పటికి అయ్యగారు వేరే ఊరికి వెళ్ళిపోయారు, కొత్తగా వచ్చిన పాస్టరుగారు మెత్తని మనిషి. సంగతి విని, బస్సెక్కి, రొట్టె, గిన్నె పట్టుకుని తానే వచ్చాడు. మంచం పక్కన మోకరించి, తీసుకో పెద్దాయనా, నీ కోసమే తెచ్చానన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. నాన్న ఆ గిన్నె వంక చానాసేపు చూశాడు. దాహమేసినవాడు నీళ్ళను చూసినట్టే చూశాడు. తర్వాత చెయ్యి అడ్డంపెట్టి, "నాకు లేదయ్యా అది. చెప్పారు గదా," అన్నాడు.

ఎంత బతిమాలినా తీసుకోలేదు. మూడోరోజు పోయాడు. తాళం వేసినవాడు పోయినా, తీసేవాడు వచ్చినా, లోపలున్న మనిషి ఆ తాళాన్ని నమ్మేశాడు. అందుకే నాకింత కోపం.

ఇప్పుడా పాత చర్చి లేదు. పెద్దది కట్టారు, ఏసీలు పెట్టారు, నాన్న కూర్చున్నచోట బైకులు నిలుపుతున్నారు. బల్ల దగ్గర ఎవరినీ ఎవరూ ఆపడం లేదు; ఎవరు ఏ తిరునాళ్ళకు వెళ్ళొచ్చారో అడిగే తీరికా ఎవరికీ లేదు. మంచిదే, అలాగే ఉండాలి. కాకపోతే వాక్యంలో ఒక్క మాట కోసం ఏళ్ళతరబడి వెతుక్కునే మనుషులు కూడా ఇప్పుడు కనిపించడం లేదు. అయ్యగారిని ఇంతసేపు తిట్టుకున్నాను, ఆయన కూడా ఏనాడో పోయాడు. ఆయనతో నాకున్న లెక్క కంటే నాతో నాకున్న లెక్కే పెద్దది. హెబ్రీ, గ్రీకు ఏమీ రాకపోయినా ఆనాడు నేను చేయగలిగిన పని ఒకటుంది. పదకొండేళ్ళలో ఒక్క ఆదివారమైనా లేచి బయటికి వెళ్ళి, ఆ కిటికీ కింద మా నాన్న పక్కన కూర్చోలేదు నేను.