ఏ గ్రహం మీదైనా పైరుందా?

ఎన్నాళ్లనుంచో ఎదురుచూస్తున్న అంతరిక్షం గేమ్ వచ్చేసింది. ఇవాళ తలుపేసుకుని ఆడి, ఆ వీడియో మొదటి భాగం నా యూట్యూబ్ ఛానెల్‌లో పెట్టాను. గుంటూరులో ఉన్న ఉద్యోగం మానేసి నడుపుతున్న ఛానెల్ అది. సాయంత్రానికి కామెంట్లన్నీ ఒకటే: "బ్రో, అమ్మ ఏరి?"

ఇంతకుముందు ఆడిన గేమ్ వీడియోల్లో హీరో గుర్రమెక్కి పొలాలకు అడ్డంపడి వెళ్లేవాడు. నా వెనక మిరపకాయలకు తొడిమలు తీస్తూ మా అమ్మ, "ఒరేయ్, కంకి వేసిన చేలో గుర్రాన్ని తోలతావేంట్రా, కళ్లు కనపడట్లా?" అని అరిచేది, అదీ వీడియోలో పడేది. జనం దానికే వచ్చేవాళ్లని ఇవాళ తెలిసింది.

పరువు పక్కనపెట్టి అమ్మను పిలిచి కూర్చోబెట్టాను. "ఏదో ఒకటి తిట్టమ్మా, నీకు దణ్ణం పెడతా."

అమ్మ చాలాసేపు తెరకేసి చూసింది. "ఎటు చూసినా చీకటే కదరా! ఒక్క మొక్కన్నా లేదు, ఏమని తిట్టను?"

లేచి వెళ్తూ గుమ్మంలో ఆగింది. "అవునూ, ఆ గుర్రాన్ని ఎక్కడ వదిలేసొచ్చావు? దానికి మేతెవరు వేస్తున్నారు?"

ఈ గేమ్ పూర్తిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ గ్రహం మీదైనా కాస్త పైరుందేమో చెప్పండి బాబూ. తొక్కాలి.