ఓర్విల్ బొటనవేలు, తిప్పని రివాల్వర్

గ్రేబుల్ ఊరి చుట్టుపక్కల ఓర్విల్ టట్ చేత నాడాలు కొట్టించుకోని గుర్రం ఉందంటే అది కర్రగుర్రమే అయ్యుండాలి. పని చేస్తున్నంతసేపూ మేకులు పెదాల మధ్య ఉంటాయి గనక పగలు నోరు విప్పే వీలుండదు. ఆ లోటంతా సాయంత్రాలు తీర్చుకుంటాడు. ఒక జనవరిలో కొండమీద కుక్కను పిలుద్దామని ఈల వేస్తే అది గాలిలోనే గడ్డకట్టిందట. ఏప్రిల్‌లో మంచు కరిగాక ఈల మోగితే కుక్క అప్పుడు పరుగెత్తుకొచ్చిందట. ఎవరైనా నవ్వితే కుక్కనే అడగమంటాడు.

నెలకో ఆదివారం ఓర్విల్, అతని భార్య నెడ్రా తాతలనాటి టోపీలూ బూట్లూ వేసుకుని తుపాకుల క్లబ్బుకి వెళతారు. అక్కడ తాతలనాటి పద్ధతి రివాల్వర్లతో ఇనప పలకలను గురిచూసి కొట్టాలి. ప్రతివాళ్లకూ ఒక మారుపేరుండాలి, ఒకరి పేరు మరొకరు పెట్టుకోకూడదు. ఓర్విల్ ‘చల్లారిన రొట్టె’. నెడ్రా ‘కాబోయే విధవ’. ఆ పేరు పుస్తకంలో రాయించిన రోజున ఓర్విల్ ఆమె వండిన మధ్యాహ్నం భోజనం ముట్టలేదు.

ఆ రివాల్వర్‌తో చిక్కేమిటంటే, ఒక్కో గుండుకూ తుపాకీ వెనకున్న సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగాలి. ఓర్విల్ మొదటినుంచీ ఒంటిచేతి పోటీలోనే కాల్చేవాడు. కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేత్తో సుత్తి లాగే రెండుచేతుల పోటీవాళ్లను చూస్తే, పాలసీసా పట్టుకున్నట్టుందని వెక్కిరించేవాడు. పోయిన చలికాలం ఒక మొండి గుర్రం అతని కుడి బొటనవేలిని తొక్కింది. వేలు అతుక్కుంది గాని కణుపు దగ్గర కర్రలా బిగుసుకుపోయింది. మార్చి పోటీలో సుత్తి రెండుసార్లు జారింది. అక్కడ కాల్చలేని ముసలివాళ్లకు పలకల మీద సున్నం పూసే బకెట్ చేతికిస్తారు. ఆ రోజు ఎవరో ఆ బకెట్ తెచ్చి, నవ్వుతూ ఓర్విల్ పక్కన పెట్టారు.

“ఎడమచేత్తో లాగవయ్యా. క్లబ్బులో సగంమంది అదేగా చేసేది,” అంది నెడ్రా.

“అంతకంటే బకెట్టే నయం.”

“సున్నం మరకలు నేను ఉతకను. ముందే చెబుతున్నా.”

మిగిలిన దారి ఒక్కటే. టాలివర్ తుపాకుల కంపెనీ ఒకప్పుడు సుత్తిని బాగా కిందికి వంచి ఒక రివాల్వర్ చేసింది. బొటనవేలు పైకి చాపకుండానే అందుతుంది. మెడ విరిగిన కోడిలా ఉందని జనం నవ్వారు, కంపెనీ దాన్ని ఆపేసింది. ఇప్పుడు చేతులకు నొప్పులు పుట్టేసరికి నవ్వినవాళ్లందరికీ అదే కావాలి. ఓర్విల్ మూడు ఊళ్ల తాకట్టుకొట్లు గాలించాడు. ఒకచోట దొరికిందని వెళితే, దాన్ని కొట్టువాడు బల్లదీపానికి కాడగా మార్చేసి ఉన్నాడు.

చివరికి రివర్టన్ తుపాకుల సంతలో, పాత స్నేహితుడు డెల్బర్ట్ క్విన్లన్ తుపాకులు అమ్మే బల్లమీద, దాని అసలు అట్టపెట్టెలోనే కనబడింది. సుత్తికి ఎర్రదారం కట్టి ఉంది.

“చేత్తో పట్టుకోవచ్చా?” అన్నాడు ఓర్విల్. అడగకుండా ముట్టుకోవడం ఆ సంతలో మర్యాద కాదు.

డెల్బర్ట్ మూత తీసి తూటాలు పెట్టే గదులన్నీ ఖాళీ అని చూపించి, పిడి ఇటు తిప్పి అందించాడు. “పట్టుకో. దారం మాత్రం విప్పకు. ఇది తిప్పనిది.”

సుత్తి ఒక్కసారి లాగితే చాలు, తూటాల చక్రం తిరిగి దానిమీద వెంట్రుకంత గీత పడుతుంది. ఆ గీత లేనిదానికే వెల. అందుకే ఆ సంతవాళ్లలో ఒక కట్టుబాటు: తిప్పినవాడే కొనాలి.

“లాగి చూడకుండా నా వేలికి పనికొస్తుందో లేదో నాకెలా తెలుస్తుందిరా?”

“పెళ్లికి ముందు నీకు నెడ్రా సంగతి తెలుసా?”

“ఆమెకి దారం కట్టి లేదుగా!”

“కట్టి ఉంటే బాగుండేది,” అంది పక్కనే ఉన్న నెడ్రా.

డబ్బు వద్దన్నాడు డెల్బర్ట్. ఓర్విల్ నడుముకున్న పాత రివాల్వర్ ఇస్తే చాలన్నాడు. దాన్ని ఓర్విల్ తండ్రి కొన్నాడు, ఓర్విల్ దాంతోనే ముసలివాడయ్యాడు. అదిచ్చేసి, ఇది వేలికి లొంగకపోతే చేతిలో ఉండేది బకెట్టే.

ఓర్విల్ వెళ్లి చిల్లీ అనే కారం మాంసం కూర గిన్నె, అందులో ముంచుకు తినే దాల్చినచెక్క తీపిరొట్టె తెచ్చుకున్నాడు. ఆలోచనలో పడి అతను రొట్టె ముంచకుండా తినడం నెడ్రా చూడటం అదే మొదటిసారి. మళ్లీ బల్ల దగ్గరికి వచ్చేసరికి డెన్వర్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, తెల్లటి చేతితొడుగులు వేసుకుని ఆ పెట్టె మీద వంగి ఉన్నాడు.

“అద్దాల బీరువాలో పెడతాను. ఇక దీన్ని ఎవరూ కదపరు,” అంటున్నాడాయన ముద్దుగా.

ఓర్విల్ ఒళ్లు మండింది. ఎన్నడూ నడవబోని గుర్రానికి నాడాలు కొట్టినట్టుంది అతనికి ఆ మాట. నడుమునుంచి పాతదాన్ని తీసి, ఖాళీ చేసి, బల్లమీద పెట్టాడు.

“ఇదుగో, తీసుకో.”

జేబులోంచి గిట్టలు చెక్కే కత్తి తీసి ఎర్రదారం కోశాడు. డెన్వర్ పెద్దమనిషి కళ్లు మూసుకున్నాడు. ఓర్విల్ గోడవైపు గురిపెట్టి బొటనవేలు వేశాడు. అందింది! లాగాడు. టిక్. టిక్. టిక్. అక్కడ వేలు ఆగిపోయింది. ఇంకొక్క టిక్ ఉంది. మొహం ఎర్రబడింది, మీసం వణికింది, చుట్టుపక్కల బల్లల వాళ్లు లేచి నిలబడ్డారు. సుత్తి జారబోయింది.

అంతలో ఎడమచెయ్యి దానంతటదే పైకొచ్చి, బొటనవేలు వేసి, సుత్తిని చివరిదాకా లాగేసింది. టిక్.

ఓర్విల్ తన ఎడమచేతిని, పక్కింటివాడి చెయ్యి చూసినట్టు చూశాడు.

“బాగుంది. ఎంత హాయిగా వచ్చిందో!” అంది నెడ్రా. “అయితే ఆ చెయ్యి పాతదానికి కూడా సరిపోయేదేమో?”

ఓర్విల్ బల్లవైపు చూశాడు. డెల్బర్ట్ పాత రివాల్వర్‌ను అప్పటికే తన నడుముకి పెట్టుకుని, చొక్కా కిందికి లాక్కున్నాడు.

“తిప్పినవాడే కొనాలి,” అన్నాడు, చాలా మర్యాదగా.

ఇంటికెళ్లే దారంతా ఓర్విల్ కొత్తదాని గొప్పలు చెబుతూనే ఉన్నాడు. దాని బరువు వేరట, పిడి వేరట, టిక్ శబ్దం కూడా వేరట. నెడ్రా బండి నడుపుతూ ఊఁ కొట్టింది. నవ్వు ఆపుకోవడానికి రెండుసార్లు దగ్గింది.

ఏప్రిల్ ఆదివారం క్లబ్బు గుమ్మంలో పేర్లు రాసుకునే బల్ల దగ్గర ఓర్విల్ వంతు వచ్చింది. వెనక వరస గేటుదాకా ఉంది. బల్ల దగ్గరి ఆవిడకు చెవులు కాస్త మందం.

“చల్లారిన రొట్టె! మామూలేగా, ఒంటిచెయ్యి?”

ఓర్విల్ అటూ ఇటూ చూసి, ముందుకు వంగి, ఏదో గొణిగాడు.

“ఏంటీ?”

మళ్లీ గొణిగాడు.

“గట్టిగా చెప్పు నాయనా, వినబడి చావదు!”

ఓర్విల్ టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. గేటు దగ్గర కట్టేసిన గుర్రాలు కూడా తలలెత్తేలా అరిచాడు.

“రెండు చేతులు!”