దొరల తోటలో నాటువి

బాంబు పేలిన శబ్దం విని అది ఏ ఊరి సరుకో చెప్పగల మేధావులు మా జమ్మలమడుగులో వీధికొకరు ఉండిన కాలం అది. ఆ రోజుల్లో ఏ దేవుణ్ణి మొక్కుతావని ఎవరూ అడిగేవాళ్లు కాదు గానీ, ఏ పార్టీ అని మాత్రం గడ్డం గీసే మామ కూడా కత్తి గొంతుకు ఆనించినాకనే అడిగేవాడు. (నేను ఎప్పుడూ "నీ పార్టీనే మామా" అనేవాణ్ణి. గొంతు ఇంకా నా దగ్గరే ఉంది.) మనుషుల సంగతి సరే, ఆ కాలంలో పాపం మాటలు కూడా పాడైపోయినాయి. 'నాటు' అనే మాట సంగతే చూడండి. కోడికీ గుడ్డుకీ వైద్యానికీ పనికొస్తూ మర్యాదగా బతుకుతున్న మాట. మా కాలానికి వచ్చేసరికి వెనక ఏ పేరూ తగిలించకుండా ఉత్త 'నాటువి' అంటే చాలు, విన్నవాళ్లు బాంబులే అనుకుని ఇంట్లోకి పోయి తలుపేసుకునేవాళ్లు. డిగ్రీ పాసై, ఉద్యోగం రాక, ఊళ్లో జరిగే ప్రతి గంభీరమైన విషయం మీదా ఒక జోకు వేయడమే పనిగా పెట్టుకున్న నాకు ఈ సంగతి అందరికన్నా బాగా తెలుసు. తెలిసీ ఏం చేసినానో చెప్తాను.

మా మేనత్త మిషను బడిలో పనిచేసి రిటైరైన టీచరు. పిల్లలు ఆమెకు పెట్టిన పేరు 'మళ్లీ రాయి'. ఎవరేం తప్పు రాసినా ఆమె తిట్టదు, కొట్టదు, "మళ్లీ రాయి" అంటుంది, అంతే. ఒప్పు అయ్యేదాకా అంటూనే ఉంటుంది. ఊరి బయట దొరల సమాధుల తోట ఉంది చూడండి, దాన్ని కూడా ఆమె తప్పు రాసిన పలక మాదిరే చూసేది. తెల్లదొరలు మిషను పెట్టిన కొత్తలో ముచ్చటపడి వేసుకున్న తోట అది. శిలువ ఆకారంలో దారులు, దారుల వెంట వేపచెట్లు, దారులు కలిసేచోట గుండ్రంగా గులాబీ మడి. చుట్టూ కడప రాళ్ల కింద దొరలు, దొరసానులు, వాళ్ల తర్వాత మావాళ్లు. ఆ గులాబీలను ఒక దొరసాని నాటితే, బతికినన్నాళ్లూ నీళ్లు పోసి పెంచింది మా అవ్వ. ఇప్పుడు అవ్వ కూడా ఆ మడి పక్కనే పడుకుని ఉంది. ఈస్టరు నాడు తెల్లవారుజామున మా సంఘమంతా అక్కడ చేరి పాటలు పాడి, తలా ఒక గులాబీ తుంచి తమ వాళ్ల రాళ్ల మీద పెట్టేవాళ్లు. ఫ్యాక్షను ముదిరినాక చీకట్లో ఊరు దాటే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆరాధన ఆగింది, నీళ్లు ఆగినాయి, గులాబీ మడి ముళ్లకంప అయిపోయింది.

క్రిస్మస్ అయిపోయినాక సంఘం పెద్దలు కూర్చున్నారు. వాళ్లలో ముఖ్యుడు మా ఆమెన్ మామ. (ఎవరేమన్నా ముందు ఆమెన్ అని, తర్వాత ఆలోచించేవాడు.) "ఆ కంపలో ఎవడేం దాస్తాడో మనకేం తెలుసు? ఈ పార్టీవాడు దాచినా మనకే చుట్టుకుంటాది, ఆ పార్టీవాడు దాచినా మనకే చుట్టుకుంటాది. కంప కొట్టేసి గేటుకు తాళమేద్దాం. ఈస్టరు చర్చిలోనే చేసుకుందాం" అన్నాడు. మా అత్త లేచి నిలబడింది.

"ఈస్టరుకు ఆడ పూలు పూస్తే?"

"పూస్తే ఆడనే చేద్దాం టీచరమ్మా. యాడ పూస్తాయి గానీ."

"పూయకపోతే తాళం నువ్వే వెయ్యప్పా. తాళంచెవి గూడా నువ్వే పెట్టుకో."

"ఆమెన్" అన్నాడు మామ. తర్వాత ఆలోచించినట్టున్నాడు, ముఖం అదో మాదిరి అయింది.

అంతకు ముందే అత్త కడప నుంచి ఖరీదైన ఇంగ్లీషు గులాబీలు తెప్పించి, అవన్నీ ఎండిపోతే ఒకసారి భంగపడి ఉంది. "ఇంగ్లీషు దొరలే మన ఎండకు తాళలేక ఈడ పడుకోనుంటే, ఇంగ్లీషు గులాబీలు ఎట్ల తట్టుకుంటాయత్తా" అన్నాను నేను. ఆమె నవ్వలేదు. నా వైపు కాసేపు చూసి, "నిజమే రా అబ్బీ. నాటు గులాబీలే కావాల. ఖాజీపేటలో దొరుకుతాయంట, పోయి తీసుకురా. దానికి ముందు గుంతలు తవ్వు" అంది. నా జోకులకు ఎప్పుడూ ఇదే బహుమానం.

ఆ నేలను తవ్వాలని చూసినోడికే తెలుస్తుంది దొరలు అక్కడ ఎందుకు అంత ప్రశాంతంగా ఉన్నారో. గడ్డపార వేస్తే ఖంగుమని తిరిగి నా ముఖం మీదికే వచ్చేది. మధ్యాహ్నానికి నేను తవ్వింది ఒక పిల్లి కూర్చోను చాలదు. కూలికి పిలుద్దామంటే పంచాయితీ ఎన్నికలు. ఊళ్లో కండ ఉన్న ప్రతివాడూ ఏదో ఒక జెండా కింద నడుస్తున్నాడు. "ఈ పొద్దు జై కొట్టేది ఉండాది మామా, గుంతలు రేపు చూద్దాం" అనేవాళ్లు. ఆ రేపు రాలేదు. గుంతలు లేకుండానే నన్ను ఖాజీపేటకు తరిమింది అత్త.

మొక్కలు దొరికినాయి. వేరు పట్టిన చక్కటి నాటు మొక్కలు, తోటాయన వాటిని వరిగడ్డిలో చుట్టి, తడిపిన గోనెపట్టలో బిగించి ఇచ్చినాడు. ప్రొద్దుటూరు చేరేసరికి మా ఊరికి బస్సు ఆలస్యం అన్నారు. అత్త ఎదురుచూస్తుంటుందని బస్టాండు పక్కన ఫోన్ల అంగట్లో దూరి, అత్త ఇంటి ఎదురుగా ఉండే మందుల షాపాయనకు ఫోను చేసినాను. లైను గరగరమంటోంది. నేను అరుస్తున్నాను.

"మామా, మా అత్తకు చెప్పు. నాటువి దొరికినాయని చెప్పు. నాటువి. ఆ, గడ్డిలో చుట్టి తడిగోనెలో పెట్టినాం, ఏం భయంల్యా. ఎండకు పెడితేనే కష్టం. రేపు పొద్దున్నే దొరల సమాధుల కాడ దింపుతా. గుంతలు తవ్వి పెట్టమను. ఈస్టరుకు చూడు, ఊరంతా అదిరిపోవాల."

ఫోను పెట్టి చూస్తే అంగట్లో ఎవరూ లేరు. నా వెనక వరసలో నిలబడినోళ్లంతా రోడ్డు అవతలికి పోయి ఆకాశం వైపు చూస్తున్నారు. వచ్చేటప్పుడు "తొందరగా కానీ రా" అన్న అంగడాయన ఇప్పుడు లేచి నిలబడి, "దుడ్లు వద్దులే అన్నా. నువ్వు నిదానంగా పో" అన్నాడు. బస్సెక్కితే ఇంకా విచిత్రం. కిక్కిరిసిన బస్సులో ఇద్దరు లేచి నాకొక సీటు, నా మూటకొక సీటు ఇచ్చినారు. గతుకు వచ్చినప్పుడల్లా డ్రైవరు బండిని పసిబిడ్డ ఉయ్యాల మాదిరి నడిపినాడు. చదువుకున్నోడికి ఇన్నాళ్లకు మర్యాద దొరికిందనుకుని కాళ్లు చాపుకున్నాను.

పొద్దున నేను మూట మోసుకుని తోటకు పోయేసరికి గేటు దగ్గర పోలీసు జీపు ఉంది. రోడ్డుకు ఈ పక్క టీ బంకు ముందర ఒక పార్టీవాళ్లు, ఆ పక్క కల్వర్టు మీద ఇంకో పార్టీవాళ్లు. నేను అవతలి పార్టీకే సరుకు మోస్తున్నానని ఇద్దరికీ గట్టి నమ్మకం. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన ఎస్సై గారు దూరంగా వేపచెట్టు చాటున నిలబడి, "మెల్లగా కింద పెట్టవయ్యా" అన్నారు. పెట్టినాను. హెడ్ కానిస్టేబులు ముఖం పక్కకు తిప్పుకుని గోనె విప్పినాడు. ఒక ముల్లు గుచ్చుకుంది. ఆయన "అమ్మా" అని వెనక్కి పడితే, టీ బంకు, కల్వర్టు రెండూ ఒకేసారి ఖాళీ అయినాయి. ఆ కాలంలో రెండు పార్టీలూ ఏకమై చేసిన పని నేను చూసింది అదొక్కటే.

"ఇవి పైకి చూపించడానికండీ. అసలు సరుకు ఎక్కడ పాతిపెట్టారు?" అన్నారు ఎస్సై గారు. అప్పుడే అత్త నీళ్ల బిందె చంకన పెట్టుకుని గేట్లోకి వచ్చింది. కానిస్టేబుళ్లను చూసింది, వాళ్ల చేతుల్లోని గడ్డపారలను చూసింది. గడ్డపారల మీద ఆమె చూపు కాస్త ఎక్కువసేపే నిలబడింది.

"ఈడ పాతిపెట్టినోళ్లు శానామందే ఉండారు సారూ. ఎవరి సంగతి మీరు అడుగుతాండేది?"

"నాటువండీ. నాటువి ఎక్కడ పెట్టారు?"

"నేను టీచర్ని, అబద్ధం చెప్పను. ఇంగా పెట్టల్యా. యాడ పెట్టాలనుకున్నామో చూపిస్తా రాండి."

ఆ మాటతో ఎస్సై గారికి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. అత్త ముందు నడుస్తూ కాలి బొటనవేలితో నేల మీద గుర్తులు పెట్టింది, కానిస్టేబుళ్లు వెనకనే తవ్వుకుంటూ పోయినారు. ఒకాయన పైపైన గీకి ఏం లేదన్నాడు. అత్త ఆ గుంతలోకి వంగి చూసి, "మళ్లీ తవ్వు" అంది. ఆయన మిషను బడిలోనే చదివినోడేమో, తలెత్తకుండా మళ్లీ తవ్వినాడు. పార్టీలవాళ్లు కూడా ధైర్యం తెచ్చుకుని గోడ దగ్గరికి వచ్చి, "ఆ మూల గూడా తవ్వండి సార్, వాళ్లు ఆడనే పెట్టింటారు" అని ఒకరినొకరు ఇరికించుకున్నారు. "ఆ మూల గూడా కావాల్సిందే" అని అత్త ఒప్పుకుంది. ఎండ ఎక్కినాక హెడ్ కానిస్టేబులు చెమట తుడుచుకుంటూ నిలబడి, "సార్, గుంతలన్నీ గుండ్రంగా, మాంచి వరసలో వస్తాండాయి" అన్నాడు. ఎస్సై గారు గుంతల వైపు చూసినారు, మూట వైపు చూసినారు, చివరికి మా అత్త వైపు చూసినారు.

నాకు నవ్వాగలేదు. అదే కొంప ముంచింది. ఆయన ముఖం ఎర్రబడి, "ఆ మూట జీపులో వెయ్యండి. వీణ్ణి కూడా" అన్నారు. నా సంగతి అత్త పట్టించుకోలేదు గానీ, మూట ఎత్తగానే జీపుకు అడ్డంగా నిలబడింది. ఆ మొక్కలు స్టేషను గదిలో ఒక పూట ఎండినాయంటే మళ్లీ తెచ్చి నాటే కాలం లేదు. గేటుకు తాళం పడినట్టే.

"తీసుకపోండి సారూ, నేను వద్దనను. పొద్దున, సాయంత్రం నీళ్లు చల్లాల. మీవాళ్లకు చేతకాదు, నేనే వచ్చి స్టేషన్లో కూర్చుంటా. ఈస్టరుకు పూస్తాయి. సంఘమంతా తెల్లవారుజామున మీ కాడికే వస్తాం. ఆడనే పాటలు పాడుకుంటాం. ఆమెన్ మామది శానా పెద్ద గొంతు."

ఎస్సై గారు హెడ్ కానిస్టేబులుతో, "ఆ మూట దించు" అన్నారు. నన్ను దించమని చెప్పడం మరిచిపోయినారు. అత్త కూడా గుర్తు చేయలేదు. (మొక్కలు నాటడం అయిపోయినాక, సాయంత్రం స్టేషనుకు వచ్చి విడిపించుకుపోయింది.)

ఈస్టరుకు పూసినాయి. నాటు గులాబీ చిన్నది, రేకులు కాస్త వదులు, వాసన మాత్రం గేటు దాకా వచ్చింది. బాంబులు నాటిన తోట ఎట్లుంటుందో చూద్దామని సంఘంలో లేనోళ్లు కూడా చీకట్లోనే వచ్చినారు. ఆమెన్ మామ జేబులో తాళం బరువుగా వేలాడుతుంటే అందరికన్నా గట్టిగా పాడినాడు. అత్త ఒక పువ్వు తుంచి అవ్వ రాయి మీద పెట్టి, వంకరగా ఉందని తీసి, మళ్లీ పెట్టింది.

ఇప్పుడు అత్త కూడా ఆ మడి పక్కనే ఉంది. పోయిన నెల కొన్ని చెట్లు ముదిరిపోయినాయని ఖాజీపేట పోయి మొక్కలు తీసుకుని, ప్రొద్దుటూరు బస్టాండు నడిమధ్యలో నిలబడి సెల్లులో, "నాటువి దొరికినాయి" అని కావాలనే గట్టిగా అరిచినాను. ఎవరూ పరిగెత్తలేదు. పక్కనున్న పిల్లోడొకడు, "కోళ్లా పెద్దాయనా? కేజీ ఎంత?" అన్నాడు. ఆ మాట మళ్లీ కోడి దగ్గరికి చేరిపోయింది, దానికంతకన్నా ఏం కావాలి. బస్సెక్కి మూటతో నిలబడితే ఒక అమ్మాయి చటుక్కున లేచి సీటిచ్చింది. బాంబులోడన్న పాత పేరు ఇంకా పనిచేస్తోందని ఒక్క క్షణం ఛాతీ పొంగింది. తర్వాత కిటికీ అద్దంలో నా నెరిసిన తల కనబడింది. మూట ఒళ్లో పెట్టుకుని, కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను.