లింగమూర్తి ఒంటి మీది నగలు

ఒంటి మీద తాడు లేకుండా లింగమూర్తిని చూసినవాళ్లు గోదావరిఖనిలో లేరు. పుట్టినప్పుడైనా చూసి ఉండరా అంటే, అప్పుడు బొడ్డుతాడు ఉండనే ఉంది. బొగ్గు బాయిలో పనికి చేరిన కొత్తలో మొదలుపెట్టి రిటైరయ్యే దాకా ఆయన అలంకారాలన్నీ నైలాన్ తాడుతో తానే అల్లుకున్నవి. రెండు చేతులకూ లావుపాటి కడియాలు, నడుముకు బెల్టు, గడియారానికి పట్టీ, కళ్లద్దాలకు గొలుసు, చివరికి మొలతాడు కూడా నైలానే. ఏ అల్లికైనా సరే, ఒక కొస పట్టి లాగితే జర్రున విడిపోయి బారల కొద్దీ తాడవుతుంది. కాలనీలో అందరూ ఆయనను తాళ్ల కాక అనేవారు. ఆ పేరు వినబడిన ప్రతిసారీ ఆయన భార్య సారవ్వ మూతి ముడుచుకునేది.

"మంది మొగళ్లు ఉంగరాలు పెట్టుకుంటరు, గొలుసులు ఏస్కుంటరు. నా మొగడు బర్రె పలుపులు ఏస్కుంటడు" అని వాకిట్లో నిలబడి అందరికీ వినబడేలా అనేది.

"ఆపద ఫోన్ చేసి వస్తదానే?" అనేవాడు లింగమూర్తి.

"అయితే సంచిల పెట్టుకో."

"సంచంటే మర్చిపోత. చెయ్యి మర్చిపోతనా?"



ఈ పిచ్చికి మూలకారణం సదయ్య. లింగమూర్తీ సదయ్యా ఒకే షిఫ్టు. పెళ్లిళ్లు కాని రోజుల్లో దోస్తులంతా కలిసి ఊరవతల ఓ పొలంలో దావత్ చేసుకున్నారు. కూరలోకి రావలసిన కోడి తప్పించుకుంటే సదయ్య వెంటపడ్డాడు. కోడి బావి గట్టు దాటింది, సదయ్య దాటలేదు. చుట్టుపక్కల ఎక్కడా తాడు లేదు. ఒకరి లుంగీ ఒకరి లుంగీకి ముడేసి బావిలోకి వదిలారు. అందలేదు. ఆఖరికి, ఎంతో సిగ్గరి అయిన లింగమూర్తి కూడా తన లుంగీ విప్పి ఇచ్చాక సదయ్య పైకొచ్చాడు. కానీ తడిసి బిగుసుకున్న ముడులు ఎవరి వల్లా విడిపోలేదు. ఊళ్లోకి వచ్చే బస్సులో సదయ్య ఒక్కడే లుంగీతో ఉన్నాడు, మిగతావాళ్లంతా డ్రాయర్లతో ఉన్నారు. అదే బస్సులో సారవ్వ పెద్దన్న కూడా ఉన్నాడు. పెళ్లిచూపుల్లో ఆయన లింగమూర్తిని ఎగాదిగా చూసి "ఈ పిలగాన్ని ఎన్నడో చూసిన, గని ఎట్ల చూసిన్నో యాదికొస్తలేదు" అన్నాడు. లింగమూర్తి తలెత్తలేదు. చాలా వినయం గల కుర్రాడని అందరూ మెచ్చుకుని పిల్లనిచ్చారు.

అలా మొదలైన తాడు మళ్లీ దిగలేదు. సారవ్వ తమ్ముడి పెళ్లిలో సరిగ్గా తాళి కట్టే వేళకు డోలు వాయించే ఆయన భుజం పట్టీ తెగింది. అంతే, లింగమూర్తి అందరి ముందూ నడుము బెల్టు సర్రున లాగి డోలుకు కట్టేశాడు. పెళ్లి ఘనంగా జరిగింది. లింగమూర్తి మాత్రం ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, ఒక చేత్తో అక్షింతలు చల్లి, అదే చేత్తో భోజనం చేసి, అదే చేత్తో కట్నం చదివించాడు. సారవ్వ తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చీర కొంగులో పెట్టుకుంది.

అంతకంటే పెద్ద గాయం ఇంకొకటుంది. ఒక పెళ్లిరోజు నాడు లింగమూర్తి డ్యూటీ నుంచి వస్తూనే "సారవ్వా, నీకు నక్లెస్ తెచ్చిన, కండ్లు మూసుకో" అన్నాడు. సారవ్వ ఆనందంతో కళ్లు మూసుకుని మెడ చాచింది. మెడలో పడింది నీలం, పసుపు రంగుల నైలాన్ తాడు. రెండు రంగులనూ పెనవేసి, మధ్యలో ముత్యాల్లా ముడులు వేసి ఎంతో ముద్దుగా అల్లాడు. సారవ్వ కళ్లు తెరిచి, చూసి, మళ్లీ మూసుకుంది.

"నక్లెసా ఇది? మేకను కట్టేసినట్టున్నది" అని తీసి బీరువా తాళాలకు కట్టుకుంది. అప్పటి నుంచీ ఆ నక్లెస్ ఆమె నడుము దగ్గరే ఉంటోంది.

పోయిన ఎండాకాలం లింగమూర్తి రిటైరయ్యాడు. బాయి ఆఫీసు ముందు టెంటు వేసి సన్మానం పెట్టారు. సారవ్వకు చిన్న కోరిక ఒకటుండేది. ఇంట్లో ఉన్న ప్రతి ఫోటోలోనూ, పెళ్లి ఫోటోతో సహా, మొగుడి ఒంటి మీద ఎక్కడో ఒకచోట తాడు కనబడుతుంది. ఇన్నేళ్లు బొగ్గులో కష్టపడ్డ మనిషి, కడపటి రోజైనా అందరిలా దర్జాగా ఒక ఫోటో దిగాలి. దాన్ని తగిలించడానికి దేవుళ్ల పటాల పక్కన మేకు కూడా సిద్ధంగా ఉంది.

"ఒక్క ఫోటో. తాడు లేకుంట, మనిషి లెక్క. మా అన్నలు, వదినెలు అందరు వస్తున్నరు. ఒక్క పోగు కనవడ్డా నేను స్టేజీ ఎక్క" అంది.

సన్మానం నాడు పొద్దున సారవ్వే స్వయంగా తనిఖీ చేసింది. కడియాలు, బెల్టు, గడియారం పట్టీ అన్నీ తీయించి మంచం మీద కుప్ప పోసింది. మొలతాడు కూడా మార్పించింది. తెల్ల చొక్కాలో, తోలు బెల్టుతో నిలబడ్డ లింగమూర్తి మణికట్లు తడుముకుంటూ ఉండిపోయాడు. తాడు ఉన్నంత మేరా చర్మం తెల్లగా పాలిపోయి ఉంది. అది చూసి సారవ్వకు మనసు చివుక్కుమంది. కానీ ఫోటో ఫోటోయే.

సాయంత్రం సన్మానం బాగానే మొదలైంది. మేనేజరు రవికాంత్ సారు శాలువా కప్పారు, యూనియన్ వాళ్లు మెడ కనబడకుండా దండలు వేశారు. ఫోటోగ్రాఫరు "మేడమ్, జర దగ్గరికి రండి" అన్నాడు. సారవ్వ పట్టుచీర సర్దుకుని, జీవితంలో మొదటిసారి మొగుడి పక్కన ధీమాగా నిలబడింది. సరిగ్గా అప్పుడు గాలిదుమారం లేచింది.

ఎర్రటి దుమ్ము ఒక్క ఊపున వచ్చి పడింది. టెంటు పైకప్పు పొట్ట ఉబ్బించింది. టెంటు హౌసు వాళ్ల పాత తాళ్లు ఒక పక్కన టపటపా తెగాయి. ఆ వైపు ఇనుప గుంజలు ఊగుతున్నాయి, వాటి కిందనే ఆడవాళ్లూ పిల్లలూ కూర్చుని ఉన్నారు. నలుగురు కార్మికులు గుంజల మీద పడి పట్టుకున్నారు గానీ, గాలి వాళ్లను కూడా లేపి దించుతోంది.

"కాకా, తాడు!" అని అందరూ ఒకేసారి అరిచారు. ఇన్నేళ్ల అలవాటు అది.

లింగమూర్తి చెయ్యి మణికట్టు మీదికి పోయింది. ఏమీ లేదు. నడుము మీదికి పోయింది, తోలు బెల్టు వెక్కిరించింది. ఏం తోచక మెడలోని దండ లాగాడు. బంతిపూలన్నీ రాలిపోయి చేతిలో నూలుదారం మిగిలింది.

"సారవ్వా, ఒక్కటన్న ఉండనియ్యకపోతివి గదనే!" అన్నాడు.

అంతలో పక్క క్వార్టర్ అరుణకుమారి లేచి, గాజుల వెనక నుంచి ఎర్రటి అల్లిక ఒకటి బయటికి లాగింది.

"అన్నయ్యగారూ, ఇదిగోండి! కానీ శనిదోషానికి కట్టుకోమన్నారు కదండీ, విప్పొచ్చా?"

"విప్పు చెల్లే, శని నెత్తి మీదనే ఉన్నడు!"

ఆవిడ కొస లాగగానే జర్రున తాడు జారింది. రవికాంత్ సారు మేజోడు కిందికి జరిపి నల్లటి అల్లిక తీశారు. "లింగమూర్తీ, ఇది నా బీపీకి ఇచ్చావు కదయ్యా" అంటూనే లాగేశారు. సదయ్య మోకాలి దగ్గర నుంచి ఒకటి తీశాడు, అది కీళ్లనొప్పులకట. కుర్ర కార్మికులు చొక్కా చేతులు పైకి మడిచారు. వాటి కింది అల్లికలు క్రికెట్ ఆడేవాళ్లు కట్టుకునే కొత్త ఫ్యాషనట. ఎవరికి వాళ్లు తమ ఒక్కరికే దొరికిందనుకుని, బయటికి చెబితే మహిమ పోతుందని దాచుకున్నవి గుట్టలు గుట్టలుగా బయటపడ్డాయి.

లింగమూర్తి వాటిని ముడేస్తూ గుంజల నుంచి ఆఫీసు వరండా స్తంభం దాకా లాగాడు. ఒక మూర తక్కువైంది.

"సదయ్య బావిల పడ్డప్పుడు గూడ గిట్లనే తక్కువాయె" అని గొణిగాడు. సదయ్య భయంగా తన ప్యాంటు గట్టిగా పట్టుకున్నాడు.

సారవ్వ నడుము దగ్గరి తాళాల గుత్తి లాగి, నీలం పసుపు నక్లెస్ కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. "పట్టు!" అంది. లింగమూర్తి చివరి ముడి వేశాడు. టెంటు ఒకసారి మూలిగి ఆగింది.

కాసేపటికి గాలి తగ్గి, చినుకులు పడి, అందరూ దుమ్ము దులుపుకున్నారు. అప్పుడు మొదలైంది విచారణ.

"అంటే నా బీపీ తాడు ఉత్తదేనా? మరి తగ్గింది కదయ్యా!" అన్నారు రవికాంత్ సారు.

"తాడు కట్టుకొని పొద్దుగాల నడిస్తెనే పనిచేస్తదని చెప్పిన గద సార్."

"ఇన్ని అబద్ధాలేంటి అన్నయ్యగారూ?" అంది అరుణకుమారి.

లింగమూర్తి బోసి చేతులు నలుపుకున్నాడు. "తాడు దగ్గర పెట్టుకోండ్రి అంటె నవ్వుతరు చెల్లే. దోషం, రోగం అంటె ముందుగాల చెయ్యి చాపుతరు. నేనుంటె ఫికర్ లేకుండె. రేపటి సంది నేను బాయి మీద ఉండ. ఎవనికన్న ఆపదైతె తాడెవరియ్యాలె? అందుకె పోయిన ఏడాదంత అల్లుకుంట కూసున్న."

సదయ్య ముక్కు చీదాడు. సారవ్వకు మొగుడి మీద ప్రేమ పొంగుకొచ్చింది, దాని వెనకే కోపం కూడా వచ్చింది.

"మరి నాకేం రోగమని ఇచ్చినవ్?"

"నీ ఒక్కదానికే అబద్ధం చెప్పలే" అన్నాడు లింగమూర్తి. "నక్లెసనే చెప్పిన."

జనం గొల్లుమన్నారు. ఫోటోగ్రాఫరు కెమెరా తుడుచుకుంటూ "మేడమ్, వెలుతురు పోతది, జల్ది రండి" అన్నాడు.

"నువ్వాగు పిలగా!" అని సారవ్వ మొగుడి వైపు తిరిగింది. "ముందుగాల నా నక్లెస్ నాకు అల్లు. ఫోటో తర్వాత. తాళాలు గూడ అండ్లనే ఎయ్యి, పోతయ్."

ఇప్పుడు దేవుళ్ల పటాల పక్కన ఆ ఫోటో ఉంది. అందులో లింగమూర్తి ఒంటి మీద ఒక్క పోగు తాడు లేదు. మనిషిలాగే ఉన్నాడు. పక్కన పట్టుచీరలో సారవ్వ ఉంది. మెడలో నీలం పసుపు నైలాన్ నక్లెస్, దానికి వేలాడుతూ బీరువా తాళంచెవులు. చూసిన వదినెలు "మెడల గదేందే?" అని అడుగుతూనే ఉంటారు.

"లాకెటు" అంటుంది సారవ్వ.