బేసు గిటారు కోసం వదులుకున్న కొలువు

గత వారం దవాఖానలో నా చెవులు పరీక్షించిన డాక్టరమ్మ ఇకనైనా పెద్ద చప్పుళ్ళకు దూరంగా ఉండమంది గాని, హార్డ్ రాక్ బ్యాండులో బేసు గిటారు వాయిస్తూ జుట్టు నెరిసినవాణ్ణి, ఎంత దూరం పోగలను? బయటికొచ్చి బెంచీ మీద కూర్చుంటే మా నాన్న, మేం పిలిచే బాపు, గుర్తొచ్చాడు.

గోదావరిఖనిలో బొగ్గుబాయిలోకి దిగి, ఏళ్ళ తరబడి డ్రిల్లు పట్టి పట్టి బాపుకు వినికిడి పోయింది. కంపెనీ డాక్టర్లు ఆయన్ను పనికి అన్‌ఫిట్ అని తేల్చారు. అలా దిగిపోయినవారి కొలువు కొడుక్కిస్తారు గనుక, పెద్దకొడుకునని అది నాకు రావాలి. అలాంటి కొలువు కోసం ఇంటిల్లిపాదీ ఎట్లా ఎదురుచూసేవారో మా బొగ్గుగనుల కాలరీలో పెరిగిన నా ఈడువారికి చెప్పనక్కర్లేదు. నేనేమో అప్పటికే హైదరాబాదులో చదువు పేరు చెప్పి ఒక బ్యాండులో చేరి, ఆ లావుపాటి తీగల గిటారును వదల్లేని స్థితిలో ఉన్నాను. కొలువు తమ్ముడికి ఇప్పించమన్నాను. అవ్వ, అంటే మా అమ్మ, నాతో మాట మానేసింది. నా పెదవుల కదలిక చూసి సంగతి గ్రహించిన బాపు మాత్రం, "గట్లనే పో. గాని నడుమల ఇడిసిపెట్టి రాకు" అన్నాడు.

ఆ మాట పట్టుకునే నిలబడ్డాను. పగలు ఇళ్ళకు వైరింగు పని, సాయంత్రం సాధన. వేళ్ళు బొబ్బలెక్కి, పగిలి, చివరికి కాయలు కాచాయి. జనం కేకలన్నీ గాయకుడికే. నేను వాయించేదేమిటో పెళ్ళిచూపుల్లో మామగారికి చెప్పలేక వైరింగు పని గురించి చెప్పాను.

చాలా ఏళ్ళకు మా ఊరి మైదానంలో వాయించే అవకాశం వచ్చింది. తమ్ముడు డ్యూటీ దిగి, బాపును, అవ్వను తీసుకొచ్చి స్టేజీ పక్కన పెద్ద స్పీకర్ల దగ్గర కూర్చోబెట్టాడు. పాట సగంలో చూద్దును గదా, ఆయన రొమ్ము మీద అరచెయ్యి ఆనించుకుని నా చేతినే చూస్తున్నాడు. అయిపోయాక దగ్గరికి పిలిచి, రొమ్ము చూపించి, "పాటైతే ఇనపడలే కొడుకా. నీ ఏలు కదిలినప్పుడల్లా గీడ తాకింది" అన్నాడు. పక్కనే ఉన్న అవ్వ కొంగుతో నా ముఖం మీది చెమట తుడిచింది.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. బాపు దిగిన బాయి మూతబడింది. ఊరి చుట్టూ ఓపెన్‌కాస్టు తవ్వకాల మట్టిగుట్టలు లేచాయి. గిటారు భుజాన వేసుకుని బస్టాండులో నిలబడ్డ పిల్లలను ఎవరూ వింతగా చూడరు. సంతోషమే. పొద్దున్నే మొరాయించే వేళ్ళను వేడినీళ్ళలో ముంచి నేనూ సాధనకు కూర్చుంటూనే ఉన్నాను. కాకపోతే, మొండికేసి గెలవడానికి ఎదురుగా ఇంట్లోవాళ్ళుండిన ఆ రోజుల పట్టుదల రుచి వేరు.